తొంభై మూడు ఆకుపచ్చ చుక్కలు

గోడ మీది వంశవృక్షం పటం ముందు నిలబడి ఆర్డిత్ ఆకుపచ్చ చుక్కల్ని ఒక్కొక్కటిగా గోటితో గీకి ఊడదీస్తోంది. మొత్తం తొంభై మూడు. గోరు ఇరవయ్యో చుక్క దగ్గర నొప్పెట్టింది. కళ్లలో నీళ్లు మొదటి చుక్కకే వచ్చాయి.

ఆ చుక్కల కోసం ఆమె పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. డీఎన్ఏ పరీక్షలో తనతో రక్తం కలిసినవాళ్లని వేల పేర్లలోంచి ఏరడం, వాళ్లు ఎవరి తరఫువాళ్లో తేల్చడం, ఆ రంగు చుక్క అంటించడం. పదేళ్లుగా ఇదే లోకం. అమ్మ వైపు తాతకి నీలం, అమ్మమ్మకి ఎరుపు, నాయనమ్మ పుట్టింటివాళ్లకి పసుపు. డెన్మార్క్ నుంచి ఒంటరిగా అమెరికాలోని యూటా వచ్చి, ఈ ఊళ్లో గొర్రెలు మేపి, ఎనిమిదిమందిని కన్న నీల్స్ తాత సంతతికి ఆకుపచ్చ.

క్రిస్మస్‌కి అందరూ కేకులు పంచితే ఆర్డిత్ డీఎన్ఏ పరీక్షకి ఉమ్మి పట్టే గొట్టాలు పంచింది. ఏ చుట్టరికమూ లేని పక్కింటి థోరా చేత కూడా ఉమ్మించింది.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఈ ఆగస్టులో నీల్స్ తాత వంశం యాభయ్యో సమ్మేళనం. ఏదైనా ఘనంగా చెయ్యాలని ఆమెకి బుద్ధి పుట్టింది. పాత ఉత్తరాల్లోంచి కూడా పోయినవాళ్ల డీఎన్ఏ తీస్తారట. పెళ్లికి ముందు నాయనమ్మ కిర్‌స్టిన్ సాల్ట్ లేక్ నగరంలో పని చేసేది. తాత ఈ ఊరి నుంచి ఆమెకి రాసిన ప్రేమలేఖలు డబ్బా నిండా ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి పరీక్షకి పంపింది.

ఫలితం వచ్చింది. ఆ ఉత్తరం తాలూకు మనిషికీ తొంభై మూడు మందిలో ఏ ఒక్కరికీ రక్తసంబంధం లేదు. కానీ అతను థోరాకి సొంత తాత.

నమ్మలేక ఇంకో రెండు ఉత్తరాలు పంపింది. అవీ అదే మాట చెప్పాయి.

ఇంకేముంది, కొంప మునిగింది. నాయనమ్మ కన్న ఎనిమిదిమందిలో ఒక్కరూ తాత బిడ్డ కాదు. తాత ఏమో థోరా వాళ్ల నాయనమ్మతో వ్యవహారం నడిపాడు. ఇద్దరు ముసలమ్మలూ చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు పాడినవాళ్లే. రాత్రింబవళ్లు ఆలోచించి ఆర్డిత్ ఒక నిర్ణయానికి వచ్చింది. పరీక్ష అబద్ధం చెప్పదు కాబట్టి నాయనమ్మే చెప్పి ఉండాలి.

సంగతి తెలిసి థోరా రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు అద్దంలో చూసుకుని, తన చెవులు అచ్చం నీల్స్ ఫోటోలో చెవులే అని కనిపెట్టింది. నాలుగో రోజు కంచె దగ్గరికొచ్చి నిలబడింది.

“ఏమే ఆర్డిత్, మా తాత కుర్చీ మీ వరండాలో ఉందట గదా. వీలు చూసుకుని పంపించు.”

ఆర్డిత్ పంపించింది. ముప్పై ఏళ్లుగా తను రాసిన వంశచరిత్ర పుస్తకం కూడా సమ్మేళనంలో అందరి ముందూ థోరా చేతికే ఇచ్చెయ్యాలని గుండె రాయి చేసుకుంది. పరాయివాళ్ల తాతని ఇన్నాళ్లూ వాడుకున్నందుకు క్షమాపణ కూడా రాసుకుంది.

సమ్మేళనం రోజు పార్కు నిండా జనం. చీజు వేసి కాల్చిన బంగాళాదుంపలు, రంగురంగుల జెల్లీలు. అందరి ఒంటి మీదా ‘నీల్స్ రక్తం’ అని అచ్చు వేసిన ఆకుపచ్చ చొక్కాలే. ఆర్డిత్ కాగితం తీసి చదివేసింది.

ఒకరి ముక్కులు ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దమనిషి మెల్లిగా చొక్కా తిప్పి తొడుక్కున్నాడు. థోరా మాత్రం కొత్త ఆకుపచ్చ చొక్కా సర్దుకుంటూ పుస్తకం కోసం చేతులు చాపింది.

ఆ ఎనిమిదిమంది పిల్లల్లో మిగిలింది లమార్ బాబాయి ఒక్కడే. తొంభై మూడేళ్లు. ఈ మాట విని ఆయన గుండె ఆగిపోతుందేమోనని అందరూ అటే చూస్తున్నారు. ఆయన జెల్లీ నోట్లో పెట్టుకుని తాపీగా అడిగాడు.

“అమ్మాయ్, ఆ ఉత్తరంలో ఏ ముక్క పంపించావే?”

“స్టాంపు, బాబాయ్” అంది ఆర్డిత్ వెక్కుతూ. “దాని వెనక ఎండిన ఉమ్మి ఉంటుంది గదా.”

లమార్ చెంచా పక్కన పెట్టాడు. భుజాలు కదలడం చూసి, ఏడుస్తున్నాడనుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారు. తీరా చూస్తే నవ్వు. జారిపోయిన కట్టుడు పళ్లు మళ్లీ పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు.

“పిచ్చిమొహమా, జిగురు రుచి మరిగి, ఊళ్లో ఎవరి స్టాంపూ ఎవరి చేతికీ ఇవ్వకుండా, నలభై ఏళ్లు ప్రతి ఉత్తరం మీదా తన నాలికతోనే తడిపి అంటించిన మా పోస్టుమాస్టరు థోరా వాళ్ల తాతే గదటే.”