విరించి మాట విన్నాడు

ఇప్పుడు ఏ ఇంటి బొమ్మల సీరియల్ ఆ ఇంటివాళ్లు చెప్పినట్టే నడుస్తుంది. సువర్చల ఇంటి గోడమీద రోజూ సాయంత్రం ఆ సీరియల్లోని విరించి వచ్చేవాడు. మహా మేధావి, హంతకుడు. ఏ ఇంట్లోనైనా వాడి గొంతు మాత్రం, డబ్బింగులు చెబుతూ చనిపోయిన ఆమె భర్త ఫల్గుణరావుదే.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆమె వాణ్ణి తిట్టిపోసేది. "ఇంత తెలివి పెట్టుకుని ఈ పాడు పనులేంటయ్యా? ఇకనైనా మానెయ్యి!"

బతికుండగా ఏనాడూ ఆమె మాట వినని ఆ గొంతు నిన్న "సరే, మానేస్తున్నా" అంది. విరించి పోలీసులకు లొంగిపోయాడు. గోడమీద 'శుభం' పడింది. ఎంత పిలిచినా మళ్లీ పలకలేదు. హంతకుడు మంచివాడైపోతే కథ అయిపోయినట్టేనట.

ఈ సాయంత్రం చిక్కుడుకాయల చేటతో పక్కింటి తలుపు తట్టింది. లోపల వాళ్ల గోడమీద అదే గొంతు ఎవరినో చంపుతానని బెదిరిస్తోంది.

"కాసేపు ఇక్కడ కూర్చుంటా కామాక్షీ," అంది. "మీరు మాత్రం వాణ్ణి మారమని అడక్కండమ్మా."