తెల్లబూజు మక్కలు

“తిన్నదా అవ్వా?” వాకిట్లో అడుగు పెడుతూనే అడిగింది శ్రీవాణి.

“తిన్నది,” అన్నది మల్లవ్వ, నులక మంచం మీంచి లేవకుండానే.

శ్రీవాణి ఉస్సురంటూ గడప మీద కూలబడింది. జివతి గుట్టల్లో బస్సు దిగి ఎండలో నడిచి రావడం మాటలు కాదు. బల్లార్‌పూర్ బొగ్గుగని కార్మికుడి కూతురు. చంద్రపూర్‌లో బూజుల మీద పరిశోధన చేస్తోంది. ఒక బూజు గింజలో నింపిన విషాన్ని ఇంకో బూజుతో విరగ్గొట్టడం ఆమె పని. మూడేళ్లుగా సీసాల్లో ఆ పని బాగానే జరుగుతోంది. అలా బాగుచేసిన గింజలను పశువుకు పెట్టి చూద్దామంటేనే ఏ రైతూ ఒప్పుకోలేదు, పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మల్లవ్వ ఒక్కతే సరేనంది.

ఆమెకు వేరే దారి లేదు మరి. కోతల వేళ వానలు పట్టుకుని మొక్కజొన్న చేనంతా తడిసి, మక్కలన్నీ కంకిలోనే పచ్చబూజు పట్టాయి. వ్యాపారి వాసన చూసి సంచి కూడా దించనివ్వలేదు. నిరుడు అలాంటి మక్కలే మెక్కి దూడ చచ్చిపోయింది. ఇప్పుడు మిగిలింది బర్రె ఒక్కటే. దాని పాలు టీ హోటల్‌కు పోస్తేనే మల్లవ్వ పొయ్యి వెలుగుతుంది. ఈ ఎండాకాలం మేత లేకపోతే దాన్ని అమ్ముకోవడమే. కరువు రోజుల్లో బర్రెను కొనేది కసాయివాడే.

కొన్ని వారాల కిందట శ్రీవాణి ఆ మక్కలను ఉడకబెట్టించింది. తెల్లబూజు విత్తనం కలిపి సంచుల్లో మూటగట్టి, తెల్లగా అల్లుకున్నాక ఎండబెట్టించింది. “ముల్లును ముల్లుతోనే తియ్యాలె అవ్వా,” అన్నది. రోజూ కాస్త కాస్త బర్రెకు పెట్టి, ఎలా ఉందో చెప్పమంది. వచ్చినప్పుడల్లా సీసాలో పాలు పట్టుకెళ్తోంది. విషం మిగిలి ఉంటే అది పాలలోకి దిగుతుంది.

“ఇష్టంగ తింటుందా?”

“మొదాల మూతి తిప్పుకున్నది. వగరుంటది గద. గంజిల కలిపితె దిగింది.”

“వగరని బర్రె చెప్పిందా నీకు?” శ్రీవాణి నవ్వింది.

“మూతి జూస్తె తెల్వదా బిడ్డా.”

“కడుపు ఉబ్బుడు గిట్ల ఏమన్న?”

“రెండు మూడు దినాలు గడబిడ జేసింది. ఇప్పుడు సాఫ్.”

శ్రీవాణి కొట్టంలోకి వెళ్లి బర్రె కళ్లూ ముక్కూ చూసింది. ఒళ్లు నిగనిగలాడుతోంది. వాడిపోయింది మల్లవ్వే. మొహం పీక్కుపోయింది, గోడ పట్టుకుని నడుస్తోంది.

“నువ్వేందవ్వా, గట్లయినవ్?”

“నిద్ర వడ్తలేదు. దానికేమైతదో అని ఒకటే ఫికర్. అది వోతె నేనేడికి వోవాలె?”

శ్రీవాణి మనసు చివుక్కుమంది. తన పరీక్ష కోసం ముసలామె బతుకుదెరువును పణంగా పెట్టానేమో అనిపించింది.

“బుగులైతె ఆపేద్దామవ్వా.”

“సగంల ఆపితె ఏం తెలుస్తది? నడువనీ.”

ఆ పై వారం శ్రీవాణి దారి మీంచే కేకేసింది. “రిపోర్టు చాంగ్లా వచ్చిందవ్వా! పాలల్ల విషం జాడ గూడ లేదు!”

మూడేళ్ల అలసట ఆమె మొహంలోంచి ఒక్కసారిగా దిగిపోయింది. మల్లవ్వ చేతులు పట్టుకుని ఊపేసింది. “అంత నీ ధైర్నమే. ఎవ్వలు ఒప్పుకోని పనికి నువ్వు ఒప్పుకున్నవ్. ఇగ అన్ని ఊర్లల్ల నీ బర్రె ముచ్చటే చెప్త.”

మల్లవ్వ నవ్వలేదు. “ఇగ భయం లేదన్నట్టేనా?”

“లేనే లేదు. కడుపు నిండ పెట్టు.”

“గంతే చాలు బిడ్డా.”

బస్సు తప్పిపోతుందని శ్రీవాణి పరుగు తీసింది. ఆమె మలుపు తిరిగేదాకా మల్లవ్వ వాకిట్లోనే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, మక్కల సంచిని ఆయాసపడుతూ కొట్టం దాకా ఈడ్చుకొచ్చి తొట్టిలో గుమ్మరించింది. బర్రె వాసన చూసి బెదిరి వెనక్కి జరిగింది. మల్లవ్వ దాని మెడ నిమిరింది.

“ఇన్ని దినాలు నేను తిని చూసిన, ఇగ నువ్వు తిను తల్లీ.”