పచ్చలైటు

మూడేళ్ల తర్వాత గుమ్మంలోకొచ్చిన బావని కూర్చోమని కూడా అనలేదు బావమరిది. కీబోర్డు మీంచి చెయ్యే తియ్యలేదు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని బస్సు టికెట్ యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాశారు. లైసెన్సు దగ్గర చెడింది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, మార్చుకుని, కోడ్‌కి తాళం వేసి అమ్ముకోవచ్చు అన్నాడు బావ. తీసుకోవచ్చు గానీ, మార్చి అమ్మేవాడు తన కోడ్ కూడా అందరి ముందూ తెరిచిపెట్టాలన్నాడు బావమరిది. మాటా మాటా పెరిగింది. బావ తన పంతమే నెగ్గించుకుని కంపెనీ పెట్టాడు. బావమరిది ఒక కాపీ పట్టుకుని వేరుపడి, దానికి తన షరతు తగిలించాడు.

ఇన్నాళ్లూ కుదురుగా నడిచిన బావ యంత్రాలు ఈమధ్య మొరాయిస్తున్నాయి. దారిలో సిగ్నల్ పోయి తిరిగొస్తే చాలు, బిగుసుకుపోతున్నాయి. వారంలో బాగుచెయ్యకపోతే కాంట్రాక్టు రద్దని బస్సుల సంస్థ తేల్చేసింది.

“నీ దాంట్లో ఈ తప్పు లేదటగా. ఆ ముక్క ఇవ్వరా.”

“తెరిచే ఉంది, తీసుకో. కాకపోతే నీ కోడ్ మొత్తం తెరవాలి.”

“నా దాంట్లోంచి నువ్వు తీసుకోవచ్చు, నీ దాంట్లోంచి నేను తీసుకోకూడదా? ఇదెక్కడి న్యాయంరా?”

“తాళాలు వద్దన్నాను. విన్నావా?”

బావ గొంతు తగ్గించాడు. “విడిపోయిన రోజు కూడా సాయంత్రం దాకా కూర్చుని నీ పని ముగించే వెళ్లావు. అంత మంచివాడివి, నీకింత కక్షేంట్రా?”

బావమరిది నవ్వాడు. ఆ నవ్వుకి బావకి ఒళ్లు మండిపోయింది.

“నీ ముష్టి నాకక్కర్లేదు” అని తలుపు దడాలున వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు అక్క ఫోన్ చేసింది. “తమ్ముడూ, మీ బావ తిండి మానేసి కూర్చున్నాడు. నా మొహం చూసైనా ఇవ్వరా.”

“నీ మొహం చూసే ఇన్నాళ్లూ ఊరుకున్నానక్కా” అని పెట్టేశాడు.

వారం తిరక్కుండా బావమరిది బస్సెక్కాడు. వంతెన కింద సిగ్నల్ పోయి, కండక్టర్ చేతిలో యంత్రం ఆగింది. వంతెన దాటగానే పచ్చలైటు రెండుసార్లు మెరిసి, టికెట్ బయటికొచ్చింది.

ఆ రెండు మెరుపులూ అతను సరదాకి తన కోడ్‌లో పెట్టుకున్నవి. ఇంకెవరికీ ఆ బుద్ధి పుట్టదు. అంటే బావ గుట్టుచప్పుడు కాకుండా ఎత్తేశాడన్నమాట. బావమరిది చంకలు గుద్దుకుంటూ తర్వాతి స్టాపులోనే దిగి, తిన్నగా లాయరు దగ్గరికెళ్లాడు.

బావకి వేరే దారి లేకపోయింది. కోడ్ మొత్తం తెరవాలి, లేదంటే యంత్రాలన్నీ వెనక్కి తెప్పించుకోవాలి. పళ్లు కొరుక్కుంటూ తెరిచాడు. పోటీ కంపెనీలు అదే సాఫ్ట్‌వేర్‌ని సగం ధరకు ఎగబడి అమ్మాయి. బావ కంపెనీ మూతపడింది. అక్క ఫోన్ చెయ్యడం మానేసింది.

బావమరిది ఆ తెరిచిన కోడ్‌ని ముందేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు. యంత్రాల్ని బిగించేసిన ఆ రెండు వరుసల కోసం వెతుక్కోవలసిన పని పడలేదు.

సరిగ్గా మూడేళ్లు తిరిగాక నిద్రలేచేలా, విడిపోయిన రోజు సాయంత్రం దాకా కూర్చుని వాటిని రాసిపెట్టింది అతనే.