నలభై రెండో కీర్తన

“ఎవర్రా ఈ గిడ్డమ్మ?”

కొత్త కీర్తనల పుస్తకాన్ని శిష్యుడు దావీదురాజు మొహం మీదికి విసిరేసినంత పని చేశాడు దాసన్న. మద్రాసు అచ్చాఫీసు నుంచి ఆ పొద్దే వచ్చిన పుస్తకం. నలభై రెండో కీర్తన కింద ‘కట్టినవారు: గిడ్డమ్మ’ అని ఉంది.

“నాకు తెలీదయ్యా.”

పత్తికొండ చుట్టుపక్కల ఏ చర్చిలో పాట ఎత్తుకున్నా అది దాసన్న కట్టిందే. స్వరాల మీద శాస్త్రం కూడా రాసిన మనిషి. కానీ ఆ నలభై రెండోదాని దారే వేరు. అది పాడితే మిషన్ దొరలు సైతం టోపీ తీసి నిలబడేవాళ్లు. ఆయన పేరంతా ఆ ఒక్క పాటతోనే వచ్చింది. అదే పోతే ఇంకేముంది ఆయనకు?

“కీర్తనల కట్ట మోసుకొని పొగబండెక్కింది నువ్వు. కొడుకు మాదిరి చూసుకుంటి గదరా, పదైదేండ్లు!”

“అమ్మగారు రాసిన శుద్ధప్రతి అట్లే ఇచ్చొచ్చినా. దారం గూడా విప్పలేదయ్యా.”

“ఆ వరస యాడ పుట్టిందో తెలుసునా నీకు? మా అత్త జ్ఞానమణి ఇంట్లో. ఆయమ్మ తిరగలి కాడ జొన్నలు విసురుతాంటే పక్కనే కూర్చోని కాగితం మీద పెట్టినా. ఈపొద్దు బతికుంటే ఆయమ్మే చెప్పేది సాక్ష్యం!”

వాకిట్లో అదే తిరగలి విసురుతున్న ఆయన భార్య విశ్వాసమ్మ చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది. తల్లి పోయాక దాన్ని తెచ్చుకుంది గానీ, దాని దగ్గర ఆమె ఏనాడూ పాడలేదు.

దాసన్న దావీదురాజు మీదికి వేలెత్తాడు. “దేవుని పాట కింద ఎవతో అన్యురాలి పేరా! ఆదివారం సంఘం ముందర నిలబెడతా నిన్ను. దొంగ అని చెప్తా. ఇంక పాటల గుంపులో నీ మొహం కనపడకూడదు, పో!”

దావీదురాజుకు కండ్లలో నీళ్లు తిరిగాయి. గడప దాటబోయాడు.

“ఉండు నాయనా, నువ్వేం తప్పు చేసినావని పోతావు?” పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది విశ్వాసమ్మ.

“వీడు కాకపోతే ఇంకెవరు? నీకేమన్నా తెలుసునా ఆ గిడ్డమ్మ ఎవతో?” మొగుడు ఆమె మీద విరుచుకుపడ్డాడు.

ఆమె తల వంచలేదు.

“బాప్తిస్మం కాకముందు మాయమ్మ పేరు గిడ్డమ్మ.”