పాస్ చేసిన ఇంజిన్

“లైనక్స్ అన్నది పండితుల సరుకు బావా. మామూలు మనుషులు వాడలేరు” అన్నాడు రమణబాబు, పులుసులో ములక్కాడ ఏరుకుంటూ.

జానకిరామ్ వచ్చే నవ్వును పెదవి దాటనివ్వలేదు. రైలు ఇంజిన్లు బాగుచేసే లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన ఆయన, రాజ్‌కిశోర్ నగర్‌లోని తన ఇంట్లో నెల్లాళ్లుగా ఈ ఆదివారం భోజనం కోసమే కాచుకుని ఉన్నాడు. బావమరిదికి సిర్గిట్టిలో వర్క్‌షాపు ఉంది. అక్కడి ముసలి కంప్యూటర్లను నడిపే పాత సిస్టమ్ తీసేసి లైనక్స్ ఎక్కించమని చెప్పినప్పుడల్లా అతడు నలుగురిలో ఎగతాళి చేసేవాడు.

జానకిరామ్ నింపాదిగా మొదలుపెట్టాడు. పాత యంత్రం మీదా తేలికగా నడుస్తుందన్నాడు. చేస్తున్న పని మధ్యలో ఆపించి అప్‌డేట్ల కోసం కూర్చోబెట్టదన్నాడు. అన్నిటికీ మించి, ప్లాస్మా అనే డెస్క్‌టాప్ వేసుకుంటే తెర మీద ఏది ఎక్కడ ఉండాలో వాడే మనిషిదే నిర్ణయం. అలవాటైన పాత రూపమే కావాలంటే దానికి ఆ రూపమే తొడగవచ్చు.

“నామరూపాలు పైపైవి రమణా. పేరు వినగానే జడుస్తారు. పేరు చెప్పకుండా చేతికిచ్చి చూడు, హాయిగా వాడుకుంటారు.”

“పరీక్ష చేసేవేటి?”

“నాకా చెప్తావు? షెడ్డులో నేను పాస్ చేసిన ప్రతి ఇంజినూ నేనే ఎక్కి ట్రయల్ తిప్పేవాణ్ణి.”

“అచ్ఛా. మరి నీ కంప్యూటర్‌కి ఏల ఎక్కించలేదు?”

ఆ ప్రశ్న జానకిరామ్ తనకు తాను ఎన్నడూ వేసుకోలేదు. రోజూ తెల్లవారగానే తన గదిలో ఆ తెర ముందే కూర్చుని ఉపనిషత్తులు చదువుకుంటాడు. తనను తాను ప్రశ్నించుకోవడమే సాధన అని అందరికీ చెబుతాడు.

“నాది ఇదివరకు ఒకటే నస పెట్టేది. మొన్నామధ్య గట్టిగా కేకలేశాను, దారికొచ్చింది. బుద్ధిగా నడిచేదాన్ని కెలకడం దేనికి?”

రమణబాబు కూతురు శ్రీనిధికి పొలమారింది. ఇంజినీరింగ్ చదువుతున్న ఆ పిల్ల తలెత్తకుండా తింటోంది. మేనత్త కోమల నీళ్లగ్లాసు దగ్గరకు జరిపి, ఆమె నెత్తి మీద తట్టింది.

రమణబాబు పందెం కట్టాడు. “కంప్యూటర్ చదువు లేని మామూలు మనిషెవరైనా నెల్లాళ్లు వాడి బాగుందన్నారంటే, నా షాపులో అన్నిటికీ అదే ఎక్కించేస్తాను. లేదంటే, నువ్వు ఇంకొకళ్ల కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఆ మాటే ఎత్తకూడదు.”

జానకిరామ్ ఒప్పుకుని భార్య వైపు తిరిగాడు. “నీ కంప్యూటర్ ఎలాగుంది కోమలా?”

“దానికేటి, బంగారంలాగుంది” అంది కోమల.

అప్పుడు జానకిరామ్ రహస్యం విప్పాడు. తన కంప్యూటర్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని కోమల ఆంక్ష. అయినా, ఆమె బిల్హాలో పెళ్లికి వెళ్లిన రోజు అందులో లైనక్స్ వేసి, దానికి పాత ముఖమే తొడిగాడు. అదే మనవరాలి ఫోటో, అవే బొమ్మలు, అవే చోట్లు. నెల్లాళ్లుగా ఆవిడ స్తోత్రాలు ప్రింటు తీసుకుంటున్నదీ, చెల్లెళ్లతో వీడియోలో మాట్లాడుతున్నదీ దాని మీదే.

రమణబాబు ముద్ద కంచంలోనే ఉండిపోయింది. కళ్లారా చూస్తే గాని నమ్మనన్నాడు. చేతులు కడుక్కుని అందరూ ముందుగదిలోకి నడిచారు. జానకిరామ్ కోమల కంప్యూటర్ తెరిచి, అది తన పేరు తాను చెప్పుకునే పేజీ బయటికి తీశాడు.

అక్కడ లైనక్స్ లేదు. కంప్యూటర్‌తో పాటు కొన్న పాత సిస్టమ్ పేరే ఉంది. మూసి మళ్లీ తెరిచాడు. అదే పేరు.

రమణబాబు నవ్వు వీధిలోకి వినిపించింది. తాడును చూసి పామనుకునేవాడి గురించి జానకిరామ్ ఎంతో చదివాడు. కానీ తాను వేసిన ముసుగు అచ్చం పాత ముఖంలా కుదిరినందువల్ల, లోపలిది ఎప్పుడు మారిపోయిందో తనకే తెలియలేదు. ఓటమి ఒప్పుకోవడానికి గొంతు సవరించుకున్నాడు.

“ఆగండి” అంది కోమల, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. “బిల్హా నుంచి వచ్చిన రోజే పోల్చీసేను. శ్రీనిధి చేత నాది నాకు మళ్లీ పెట్టించుకున్నాను.”

“సచ్ మే మామయ్యా, నిజంగా అత్తే చెప్పింది” అంది శ్రీనిధి, తలుపు చాటుకు జరుగుతూ.

“పాస్ చేసినోరే ట్రయల్ ఎక్కాలని పెళ్లైన కాణ్ణుంచీ చెప్తన్నారు. దీనికి మాత్రం నన్ను ఎక్కించీసేరేటి?”

జానకిరామ్ తల వంచుకున్నాడు. కోమల తమ్ముడి వైపు తిరిగింది.

“నువ్వు మరీ అంత నవ్వకు రమణా, పందెం మీ బావదే. కేకలేస్తే దారికొచ్చిందన్నారే ఆయన గదిలోది, దాన్లోకి ఆ వేళే ఎక్కించీసేం ఆ లైనక్సు.”