తోటకూర కట్ట

"ఎవరయ్యా నువ్వు? మా కోళ్ల షెడ్డులో నీకేం పని?"

కోటేశ్వరి కేక పర్చూరు దాకా వినపడే ఉంటుంది.

షెడ్డులోని మనిషి తోటకూర కట్టను తలకిందులుగా దూలానికి వేలాడదీసి, ముడి బిగిస్తున్నాడు. మూలన బూడిద కుప్ప పోసి ఉంది. పక్కన వరిగడ్డి పరిచి ఉంది.

"కోళ్లు చూద్దామని వచ్చానమ్మా. ఇంట్లో ఎవరూ లేకపోతేనూ..."

"చూడ్డానికొచ్చినోడివి బూడిదెందుకు పోశావు? చేతబడి చేస్తన్నావా?"

"అయ్యో, కాదమ్మా! ఊసుపోకపోతే కోడి పక్కదాన్ని పొడుస్తది. మనుషుల్లాగే."

"పైగా నీతులా!"

కోటేశ్వరి చీపురు తిరగేసింది. అతను చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాడు.

"ఆ కట్ట మాత్రం తీయొద్దమ్మా!" అని రోడ్డు మీద నుంచి అరిచాడు.

దాంతో ఆమె అనుమానం గట్టిపడింది.

అసలే ఆమె కడుపు మండిపోతోంది. పచ్చపురుగు పత్తిని మింగేశాక మిగిలిన ఆశ ఈ గుడ్ల కోళ్లే. అవేమో ఒకదాని ఈకలు ఒకటి పీక్కుని, రక్తాలు కారేలా పొడుచుకు చస్తున్నాయి. మందులు వేశారు. ఎండు మిరపకాయలతో దిష్టి తీసి షెడ్డులోనే కాల్చారు. కోళ్లతోపాటు మొగుడూ పెళ్లాలూ పొద్దుగూకేదాకా దగ్గారు.

ఇక లాభం లేదని, చిలకలూరిపేటలో మాంసానికి కోళ్లు కొనే ఖాదర్ వలికి ఫోన్లోనే బేరం చెప్పేశారు. మర్నాడే అతని బండి రావాలి. షెడ్డు ఖాళీ అయితే ఇద్దరూ మిరప కోతలకు కూలికి పోవడమే.

సాయంత్రం భర్త అంకమ్మరావు వచ్చి కట్ట విప్పబోయాడు.

"ముట్టుకోమాకయ్యా, మనకు చుట్టుకుంటది! శుక్రవారం మంత్రాలాయన వస్తాడు, ఆయనే తీస్తాడు."

మర్నాడు బండి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"మాటంటే విలువ లేని మనిషి!" అని ఖాదర్ వలిని ఇద్దరూ తిట్టిపోశారు.

కోళ్లకు ఈ గొడవేమీ పట్టలేదు. ఎగిరెగిరి తోటకూర పొడిచాయి. బూడిదలో పొర్లాయి. గడ్డిని కాళ్లతో చెదరగొట్టి గింజలు వెతుక్కున్నాయి. పక్కదాని వీపు జోలికి పోయే తీరికే లేదు వాటికి.

శుక్రవారానికి కట్టకు కాడలే మిగిలాయి. కోళ్ల పుండ్లు మానుతున్నాయి. బుట్టలో గుడ్లు పెరిగాయి.

కోటేశ్వరి మంత్రాలాయన్ని గుమ్మంలోంచే పంపేసి, తనే కొత్త కట్ట వేలాడదీసింది.

"పాపం, ఆ కట్ట కట్టినాయన్ని అన్యాయంగా తరిమానయ్యా. గుక్కెడు మంచినీళ్లన్నా ఇవ్వలేదు. ఏ ఊరో కూడా అడగలేదు."

"సర్లే. ముందు ఆ పేటాయనకు అమ్మటం లేదని చెప్పు. ఉన్నట్టుండి బండి పంపుతాడేమో."

ఎస్టీడీ బూత్ నుంచి ఆమే ఫోన్ చేసింది.

"ఖాదర్ వలి గారాండీ? మా కోళ్లు అమ్మటం లేదండీ. ఏమనుకోకండి."

"అవి కోతకు ఇచ్చే కోళ్లు కాదని నాకప్పుడే తెలుసమ్మా. అందుకే బండి పంపలేదు."

"మీరు చూడకుండానే ఎట్లా తెలిసిందండీ?"

అవతల చిన్నగా నవ్వు వినిపించింది.

"ఇంతకీ, ఆ తోటకూర కట్ట తీయలేదు కదమ్మా?"