మడత ఫోను పథ్యం

"నా పాత ఫోనా? అది ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను" అన్నాడు సూపర్‌వైజరు, కొత్త ఫోనుని పుస్తకంలా తెరిచి భోజనాల బల్ల మీద పెడుతూ.

ఆ పాత ఫోను భార్యకిస్తానని ఆయన ఏడాదిగా చెబుతున్నాడు. ఆవిడ చేతిలో ఉన్నదాని తెర సాలెగూడులా పగిలిపోయింది. స్పీకరు పెడితే తప్ప మాట వినపడదు. అందువల్ల ఆవిడ చెల్లెలి కాపురం గుట్టంతా పక్కవాటా వాళ్లకి కంఠతా వచ్చేసింది.

వంటింట్లో మిక్సీ ఆపి ఆయన తల్లి గుమ్మంలోకొచ్చింది. "మడతపెట్టే ఫోను మనకెందుకురా?"

ఎందుకో సూపర్‌వైజరు ఓపిగ్గా వివరించాడు. కర్రల మిల్లులో కొలతల పట్టికలు చూడాలంటే పెద్ద తెర ఉండాలి. పెద్ద తెర జేబులో పట్టాలంటే మడత పడాలి. రెండు లక్షల సార్లు తెరిచి మూసినా కీలు చెక్కుచెదరదని షాపువాడు హామీ ఇచ్చాడు. ఇంత చెప్పినవాడు ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆయనకి చత్వారం వచ్చి రెండేళ్లయింది. కళ్లజోడు పెట్టుకుంటే మిల్లులో ముసలాడి కింద జమకడతారని ఆయన భయం.

"కళ్లజోడు కూడా మడత పడుతుందండీ. అదీ జేబులో పడుతుంది" అంది భార్య.

ఆ మాట వినపడనట్టు ఆయన ఫోను పెట్టెలోంచి ఒక చిన్న కాగితం తీశాడు. ఎలా వాడాలో అందులో ఉంటుంది. చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూశాడు. లైటు కిందకి జరిపి చూశాడు. చీమల బారు తప్ప ఏమీ కనపడలేదు. దాన్ని మళ్లీ పెట్టెలో పడేసి భార్య వైపు తోశాడు.

"డిగ్రీ చదివావుగా, నువ్వే చదువు. ఒక్క ముక్క వదలకు. నియమం తప్పితే గ్యారంటీ పోతుంది."

ఆవిడ పెట్టె తీసుకుని లోపలికెళ్లింది. కాసేపటికి చేతులు తుడుచుకుని, కాగితంతో వచ్చి కూర్చుంది.

"తడి చేతులతో తాకరాదు."

ఆయన తువ్వాలు తెప్పించుకున్నాడు.

"చదునైన బల్ల మీద మాత్రమే ఉంచవలెను."

ఫోను మూసి, దాని కిందున్న అల్లికల గుడ్డ లాగి కుర్చీలో పడేశాడు.

"ఆపకుండా అయిదు నిమిషాలకు మించి వాడరాదు. పూర్తిగా చల్లారిన పిదప మరల వాడవలెను."

"అయిదు నిమిషాలేనా?"

"అలాగే ఉందండీ. నేనొక్క అక్షరం కలపడం లేదు."

సూపర్‌వైజరు తల పంకించాడు. ఖరీదైన వస్తువంటే మరి అంతే. గంటలకొద్దీ వాడుకోవడానికి అదేమైనా నాసిరకం ఫోనా? పక్క సెక్షను ఫోర్‌మన్ ఫోను పొద్దస్తమానం పాటలు పాడుతుంది. దానికి సుకుమారం ఎక్కడ ఏడ్చింది?

"పనిచేయుచుండగా మూత తెరవరాదు" అని ఆవిడ చదువుతుండగానే, మూసి ఉన్న ఫోను మోగింది.

పైనున్న చిన్న తెర మీద ఏదో పేరు మిణుకుమిణుకుమంది. తెరిస్తే పెద్దగా కనపడుతుంది. కానీ మోగుతోందంటే పనిచేస్తున్నట్టేగా! ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అది పూర్తిగా మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది.

"మీ ఓనరుగారు" అంది భార్య తాపీగా.

అంతసేపు మోగిన ఫోను ముందు చల్లారాలి కాబట్టి ఆయన భార్య ఫోనులోంచే ఓనరుకి ఫోను చేశాడు. ఓనరు ఏమేం తిట్టాడో ఈ ఇంట్లో ఎవరూ ఆయన్ని అడగలేదు. పక్కవాటాలో టీవీ సౌండు మాత్రం తగ్గింది.

మర్నాడు పొద్దున్న ఆయన ఫోనుని శుభ్రమైన రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకుని, గుమ్మంలో ఒక బూటు తొడుక్కున్నాడు.

"ఏమండీ, కాగితం వెనక ఒక ముక్క ఉండిపోయింది. వదలొద్దన్నారుగా" అంటూ భార్య వచ్చి చదివింది. "గృహావసరములకు మాత్రమే. కార్ఖానాలలో, వ్యాపార స్థలములలో వాడినచో గ్యారంటీ చెల్లదు."

రెండో బూటు చేతిలోనే ఉండిపోయింది. రంపాలు తిరుగుతుంటే మంచులా రాలే కర్రపొట్టు ఆయన కళ్లముందు కదిలింది. అది ఆ కీలులోకి దూరడం కూడా కనపడింది. ఈ ఒక్క దృశ్యానికి మాత్రం చత్వారం అడ్డురాలేదు.

"అయితే ఇంట్లోనే ఉంచాలంటావు."

"నేననడం కాదు, కాగితం అంటోంది."

"ఇంట్లో ఎవరైనా వాడచ్చా?"

ఆవిడ కాగితం తిప్పి చూసింది. "పిల్లలకి అందనివ్వకూడదట. పెళ్లాల గురించి ఏమీ రాయలేదు."

సిమ్ములు మార్చుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. సాలెగూడు ఫోను జేబులో వేసుకుని, ఆయన గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "తడి చేతులు జాగ్రత్త. అయిదు నిమిషాల మాట గుర్తుందిగా?"

"కాగితం నా దగ్గరే ఉందిగా, మీరెళ్లిరండి."

గేటు పడింది. ఆవిడ ఫోను తెరిచి చూసి, మూసి చూసి, చెల్లెలికి ఫోను చేసి చెవి దగ్గర పెట్టుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి చెల్లెలి గుట్టు అక్క చెవిలోనే ఆగింది. మాటలు ముప్పావుగంట సాగాయి.

అంతలో వంటింట్లోంచి అత్తగారు ముక్కు మూసుకుంటూ వచ్చింది.

"అమ్మాయ్, మిక్సీ మళ్లీ మాడు వాసనొస్తోంది. ఎంతసేపు తిప్పచ్చో దాని కాగితంలో చూద్దామంటే డబ్బాలో లేదు. ఎక్కడ పెట్టావు?"

"ఇదుగో అత్తయ్యా, మీ అబ్బాయికి చదివి వినిపించడం ఇప్పుడే అయింది" అంటూ కోడలు చేతిలోని కాగితం అందించింది.